ఐసొలేటెడ్ ట్రాన్సీవర్ బోర్డు: విడదీసిన గ్రౌండ్లు, వెలువడే వికిరణం

దూరంగా ఉన్న రెండు పరికరాలను ఆర్‌ఎస్-485 కేబుల్‌తో కలిపినప్పుడు రెండు చోట్లా గ్రౌండ్ పొటెన్షియల్ ఒకేలా ఉండదని మీకు తెలుసు. ఆ తేడా వల్ల కేబుల్‌లో అనవసర విద్యుత్ ప్రవాహం పోకుండా ఐసొలేటెడ్ ట్రాన్సీవర్ వాడతాం. దీనికి రెండు వైపులా రెండు వేర్వేరు గ్రౌండ్లు ఉంటాయి. డేటాతో పాటు విద్యుచ్ఛక్తి కూడా మధ్యనున్న ఇన్సులేషన్‌ను దాటాలి. కొన్ని చిప్‌లలో ఆ పనిని లోపలే ఉన్న అతిచిన్న ట్రాన్స్‌ఫార్మర్ చేస్తుంది. దానికి ఇనుప కోర్ లేదు, చుట్లు కూడా తక్కువ. అందుకే చాలా ఎక్కువ పౌనఃపున్యం కావాలి. అనలాగ్ డివైసెస్ వారి ఏడీఎం2582ఈలో అది సుమారు 180 మెగాహెర్ట్జ్.

చిక్కు ఇక్కడే ఉంది. చుట్ల మధ్య ఉండే స్వల్ప కెపాసిటెన్స్ గుండా కొంత ప్రవాహం అవతలి వైపుకు చేరుతుంది. ఏ ప్రవాహమైనా బయలుదేరిన చోటికి తిరిగి రావలసిందే. మామూలు బోర్డులో అది గ్రౌండ్ పొర గుండా వస్తుంది. ఇక్కడ ఆ పొరను మనమే మధ్యకు కోశాం. దగ్గరి దారి లేకపోవడంతో రెండు గ్రౌండ్ పొరలు డైపోల్ ఆంటెన్నా చేతుల్లా పనిచేస్తాయి. 180 మెగాహెర్ట్జ్ వద్ద అర్ధ తరంగదైర్ఘ్యం 83 సెం.మీ. బోర్డు అంత పొడవు ఉండదు కాని, దానికి తగిలించిన కేబుల్ ఉంటుంది!

తిరుగుదారి కోసం రెండు గ్రౌండ్ల మధ్య విడి కెపాసిటర్ పెట్టవచ్చు. అయితే దాని కాళ్లకు, దారులకు కలిపి 10 నానోహెన్రీల ఇండక్టెన్స్ ఉన్నా, ఈ పౌనఃపున్యం వద్ద అదొక్కటే 11 ఓమ్‌లు అడ్డుపడుతుంది. బోర్డు లోపలి పొరల్లోనే కెపాసిటర్‌ను తయారుచేయడం మేలు. ఒక వైపు గ్రౌండ్ రాగిరేకును ఒక పొరలోనూ, రెండో వైపు గ్రౌండ్‌ను పక్క పొరలోనూ కొంతమేర ఒకదాని కింద ఒకటి వచ్చేలా చాపండి. అతివ్యాప్త వైశాల్యం 5 చ.సెం.మీ., మధ్య మందం 0.4 మి.మీ., ఎఫ్‌ఆర్-4 సాపేక్ష పెర్మిటివిటీ 4.5 అనుకుంటే కెపాసిటెన్స్ సుమారు 50 పికోఫారడ్లు. దాని ఇంపిడెన్స్ 180 మెగాహెర్ట్జ్ వద్ద 18 ఓమ్‌లు, 50 హెర్ట్జ్ వద్ద 64 మెగాఓమ్‌లు. ఇంటి సరఫరా పౌనఃపున్యానికి దాదాపు తలుపు మూసి, వికిరణ పౌనఃపున్యానికి తెరిచామన్నమాట. ఖర్చు తగ్గించాలని 1.6 మి.మీ. మందం గల రెండు పొరల బోర్డు వాడితే అంతే వైశాల్యానికి 12 పికోఫారడ్లే వస్తాయి.

మందం తగ్గిస్తే కెపాసిటెన్స్ పెరుగుతుంది కదా అని మీకు తోచవచ్చు. ఆ మందమే మనిషికీ ప్రమాదకర వోల్టేజికీ మధ్య ఉన్న గోడ. రీఇన్‌ఫోర్స్‌డ్ ఇన్సులేషన్ ఒకే పొరగా ఉంటే కనీసం 0.4 మి.మీ. ఉండాలన్నది భద్రతా ప్రమాణాల సాధారణ నియమం. వికిరణ పరీక్షలో నెగ్గడం కోసం దీన్ని తగ్గించకూడదు. కావాలంటే వైశాల్యం పెంచండి. ఒక వైపు వయా రంధ్రాలు రెండో వైపు రేకుకు చేరువగా రాకుండా చూడండి. గీసేటప్పుడు ఎక్కువగా జారిపోయేది ఇదే. కెపాసిటెన్స్‌ను మితిమీరి పెంచినా నష్టమే: మైక్రోసెకనుకు 25 కిలోవోల్టుల చొప్పున మారే వోల్టేజి 50 పికోఫారడ్ల గుండా 1.25 ఆంపియర్లు తోస్తుంది.

ఇక డీకప్లింగ్ కెపాసిటర్లను పిన్నులకు వీలైనంత దగ్గరగా పెట్టాలని వేరే చెప్పనక్కరలేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: పై లెక్కలో మందాన్ని 0.2 మి.మీ.కు తగ్గిస్తే 180 మెగాహెర్ట్జ్ వద్ద ఇంపిడెన్స్ ఎంత? 230 వోల్టుల సరఫరా వైపును మనిషి తాకే వైపు నుంచి వేరుచేయడానికి ఆ బోర్డును మీరు అనుమతిస్తారా? కారణం రాయండి.