మీకు తెలుసా? టెన్త్ తర్వాత ఇన్ని దారులా!

టెన్త్ రిజల్ట్ వచ్చిందంటే చుట్టాల నోట ఒకటే మాట. ‘ఎంపీసీనా, బైపీసీనా?’ లోకమంతా ఆ రెండు గ్రూపుల్లోనే ఇరుక్కుపోయిందా ఏంటి! కాస్త ఇటు జరగండి. చెవిలో ఓ మాట వేస్తా.

ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు. మొత్తం ఆరు. సరే, ఇప్పుడు ఇది చూడండి. పాలిటెక్నిక్ డిప్లొమా మూడేళ్లు. ఆ తర్వాత ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా సీటు! అక్కడ ఇంకో మూడేళ్లు. కూడండి మరి! అదీ 6 ఏళ్లే! ఒక్క ఏడాది కూడా పోలేదు. పైగా బీటెక్ పట్టాకు తోడు డిప్లొమా కూడా చేతిలో ఉంటుంది! ‘డిప్లొమాలో చేరితే పిల్లాడు వెనకబడిపోతాడు’ అనే పెద్దమనిషి మీ ఇంట్లోనూ ఒకరుంటారు. ఆయనకు ఈ కూడిక చూపించండి. మాట్లాడితే ఒట్టు!

ఐటీఐలో చేరితే ఇక అంతే సంగతులా? అదేం కాదు! రెండేళ్ల ఐటీఐ అయ్యాక తెలంగాణలో ఎల్‌పీసెట్ రాయొచ్చు. అందులో గట్టెక్కితే డిప్లొమా రెండో ఏడాదిలోకి ఎంట్రీ! అక్కణ్నుంచి ఈసెట్, ఆపైన బీటెక్. అన్నీ కలిపితే 7 ఏళ్లు. మామూలు దారికన్నా ఒక్కటంటే ఒక్కటే ఎక్కువ!

ఐటీఐలో టెన్త్ కూడా అక్కర్లేని ట్రేడ్లున్నాయి, తెలుసా? వెల్డర్ అలాంటిదే. ఎనిమిదో తరగతి పాసైతే చాలు! కోర్సు ఒక్క ఏడాదే!

ఫిట్టర్ క్లాసులోకి ఓసారి తొంగి చూద్దామా? కొత్తగా చేరిన కుర్రాళ్ల చేతికి ముందు ఇచ్చేది ఆకురాయి. ఇనుప ముక్కను వైస్‌లో బిగించి రుద్దాలి. రుద్దుతూనే ఉండాలి! అంచుకు ట్రై స్క్వేర్ ఆనించి వెలుతురుకెదురుగా పట్టి చూస్తారు. సందులోంచి సన్నగా వెలుగు కనపడిందా, అయిపోయారే! మళ్లీ మొదలు! ఆ తర్వాత వెర్నియర్ కాలిపర్‌తో కొలత. అది పట్టేసే తేడా ఎంతో తెలుసా? 0.02 మిల్లీమీటర్లు! తల వెంట్రుక మందంలో సగం కూడా కాదు! పదహారేళ్ల పిల్లలు చేసే పని ఇది. మనమేమో ‘ఆ, ఐటీఐయేగా’ అనేస్తాం.

శ్రీహరికోటలో పనిచేయాలంటే పెద్ద సైంటిస్టే అయ్యుండాలా? అక్కర్లేదు! ఇస్రోలో టెక్నీషియన్-బి అనే పోస్టుంది. దానికి కావాల్సింది టెన్త్, ఆపైన ఐటీఐ. రాతపరీక్ష, స్కిల్ టెస్ట్ నెగ్గాలి. మొదటి మూల వేతనం నెలకు 21,700 రూపాయలు! అలవెన్సులు వేరే!

రైలు ఇంజన్ క్యాబిన్‌లోకి కూడా ఇదే దారి! అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి టెన్త్ ప్లస్ ఐటీఐ ఉంటే దరఖాస్తు పెట్టొచ్చు. మూల వేతనం 19,900తో మొదలు!

నేర్చుకుంటున్నందుకు ఎదురు డబ్బులిస్తే ఎలా ఉంటుంది? ఇస్తారు! అదే అప్రెంటిస్‌షిప్. పేరు స్టైపెండ్. ఐటీఐ పాసైనవాళ్లకు 2019 నిబంధనలు ఖాయం చేసిన కనీస మొత్తం నెలకు 7,000! ఫీజు కట్టే వయసులో సంపాదన!

మీ ఇంట్లో ప్లాస్టిక్ బకెట్ ఉందా? దానికన్నా ముందు పుట్టింది దాని అచ్చు! ఉక్కును చెక్కి ఆ అచ్చు తయారుచేయడం మామూలు విద్య కాదు. హైదరాబాద్ బాలానగర్‌లోని కేంద్రీయ సంస్థ సీఐటీడీలో నేర్పుతారు. టూల్, డై, మౌల్డ్ మేకింగ్ డిప్లొమా. టెన్త్ పిల్లలకే! 4 ఏళ్లు! మామూలు డిప్లొమాకన్నా ఏడాది ఎక్కువ. నన్నడిగితే మన ఊళ్లలో చాలామంది పేరు కూడా వినని మంచి కోర్సుల్లో ఇదొకటి.

పొలమంటే ఇష్టమా? టెన్త్ అయిన వెంటనే వ్యవసాయ డిప్లొమా ఉంది! ఆంధ్రలో రంగా వర్సిటీ, తెలంగాణలో జయశంకర్ వర్సిటీ నడుపుతున్నాయి. 2 ఏళ్లే! బుద్ధిగా చదివి అగ్రిసెట్ రాస్తే బీఎస్సీ అగ్రికల్చర్!

చీరలకు పేరుపడ్డ వెంకటగిరిలో మగ్గం విద్యకు ఏకంగా ఓ కాలేజీయే ఉంది! చేనేత, టెక్స్‌టైల్ టెక్నాలజీలో 3 ఏళ్ల డిప్లొమా. నేత, రంగులు, డిజైన్, అన్నీ సిలబస్సే!

డ్రోన్ ఎగరేసే సర్టిఫికెట్‌కు డిగ్రీ కావాలనుకుంటున్నారా? టెన్త్ చాలు! 18 ఏళ్లు నిండాలి, డీజీసీఏ గుర్తించిన చోట శిక్షణ తీసుకోవాలి. పొలాల మీద మందు కొట్టే డ్రోన్లు మన పల్లెలకూ వచ్చేశాయి మరి!

సముద్రం పిలుస్తోందా? మర్చంట్ నేవీలో జీపీ రేటింగ్ అని ఓ కోర్సు. టెన్త్ అర్హత. శిక్షణ 6 నెలలే! ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతా. డీజీ షిప్పింగ్ గుర్తింపు ఉందో లేదో చూసుకోకుండా ఎవరికీ రూపాయి ఇవ్వకండి!

సీబీఎస్‌ఈ పిల్లలకు భలే కిటుకు ఒకటుంది! టెన్త్‌లో ఆరో సబ్జెక్టుగా స్కిల్ కోర్సు తీసుకున్నారనుకోండి. లెక్కలు, సైన్స్, సోషల్‌లో ఏదో ఒకటి తప్పినా, పాసైన ఆ స్కిల్ సబ్జెక్టును దాని స్థానంలో లెక్కేస్తారు! రిజల్ట్ పాస్! ఐటీ, ఏఐ లాంటివన్నీ ఆ జాబితాలో ఉన్నాయి.

ఈ లెక్క వింటే గుండె గుభేల్‌మంటుంది! 2020 జాతీయ విద్యా విధానంలోనే ఉంది. దక్షిణ కొరియాలో పనిచేసేవాళ్లలో వృత్తి విద్య అందుకున్నవాళ్లు 96 శాతం! మరి మన దగ్గర, 19 నుంచి 24 ఏళ్లవాళ్లలో? అయిదు శాతం కూడా లేరు!

స్విట్జర్లాండ్‌లో అతి పెద్ద బ్యాంకు యూబీఎస్. దాని సీఈఓ సెర్జియో ఎర్మొట్టి బ్యాంకుల్లోకి ఎలా వచ్చారో తెలుసా? అప్రెంటిస్‌గా! అప్పటికి ఆయన వయసు 15!

తాపీపని, జుట్టు కత్తిరించడం, వెల్డింగ్. వీటికీ ప్రపంచ పోటీలున్నాయి! పేరు వరల్డ్‌స్కిల్స్. రెండేళ్లకోసారి జరుగుతాయి. పతకాలిస్తారు, జెండాలూపుతారు! చాలా విభాగాల్లో వయోపరిమితి 22 ఏళ్లే. అంటే గోడ కట్టడంలో ప్రపంచ విజేత కావాలంటే టెన్త్ దాటగానే తాపీ పట్టాలన్నమాట!

పోనీ వయసు దాటిపోయిందా? పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్‌కు ఆ బెంగే లేదు! ఆంధ్రలో అయితే 120 నిమిషాలు, 120 ప్రశ్నలు. నిమిషానికొకటి! నెగెటివ్ మార్కుల్లేవు. గరిష్ఠ వయోపరిమితి అసలే లేదు! టెన్త్ పాసైన నాన్న, ఈ ఏడాది టెన్త్ గట్టెక్కిన కొడుకు ఒకే రోజు, ఒకే పరీక్ష రాయొచ్చు! ర్యాంకు ఎవరికి బాగా వస్తుందన్నది మాత్రం ఇంట్లో పందెం కాసుకోండి!