వంత అంటే తలూపడం కాదు: ‘హెజీరా’ పాటల్లో బేస్ వాద్యం

పాటను గురించి మన విమర్శకులు రాసినదంతా ఒకచోట పోగుచేస్తే అందులో అధికభాగం మాటను గురించే ఉంటుంది. రాగం పేరు ఒకటి, గాయకుని కంఠాన్ని మెచ్చుకునే వాక్యం ఒకటి దానికి చేరుతాయి. పక్కన వాయించేవాడి ప్రసక్తి రాదు. మాట వస్తువనీ, సంగీతం దానికి తొడిగిన చొక్కా అనీ ఒక భావం మనలో పాతుకుపోయింది. వస్తువూ రూపమూ విడదీయరానివని సభల్లో చెప్పే మనమే పాట దగ్గరికి వచ్చేసరికి ఆ సూత్రాన్ని పక్కన పెడతాం.

ఈ వ్యాసంలో ఒక సహవాద్యాన్ని తీసుకుని, అది పాట అర్థాన్ని ఎలా మారుస్తుందో వివరించదలచుకున్నాను. ఉదాహరణ మన దేశానిది కాదు. కెనడాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన కవయిత్రి, గాయని జోనీ మిచెల్ 1976 నవంబరులో ‘హెజీరా’ అనే పాటల సంపుటిని వెలువరించింది. అందులో తొమ్మిది పాటలున్నాయి. వాటిలో నాలుగింటికి జాకో పాస్టోరియస్ బేస్ గిటార్ వాయించాడు. నేను సంగీతశాస్త్రం చదివినవాణ్ణి కాను, తెలుగు పాఠం చెప్పేవాణ్ణి. కనుక కవిత్వం వైపునుంచే ఈ పాటలు వింటాను.

1. పునాది వాద్యం

పాశ్చాత్య సంగీతంలో అనేక స్వరాలను ఒకేసారి పలికిస్తారు. ఆ స్వరాల గుంపును ‘కార్డ్’ అంటారు. ఏ స్వరం మీద ఆ గుంపు నిలబడిందో దాన్ని మనం ఆధారస్వరం అనుకోవచ్చు. బేస్ వాయించేవాడి మామూలు విధి మంద్రస్థాయిలో ఆ ఆధారస్వరాన్ని లయ తప్పకుండా మోగించడం. ఇంటికి పునాది ఎలాంటిదో పాటకు అది అలాంటిది. పునాదిని చూడడానికి ఎవరూ రారు.

జాజ్ సంగీతం ఈ స్థితిని కొంత మార్చింది. జాజ్ అమెరికా నల్లజాతి ప్రజల సృష్టి. బానిసత్వ కాలపు పనిపాటల్లో, ప్రార్థనల్లో ఒకరు ఎత్తుకుంటే తక్కినవారు బదులు పలికే పద్ధతి దాని మూలాల్లో ఒకటి. మన నాట్లపాటలు విన్నవారికి ఇది కొత్తగా తోచదు. బదులు పలకడం అంటే చెప్పిందే తిరిగి చెప్పడం కాదు. ఈ సంప్రదాయంలోంచి వచ్చిన చార్లెస్ మింగస్ వంటి బేస్ వాద్యకారులు తమ వాద్యానికి సొంత గొంతు సంపాదించారు.

వాద్యం కథ కూడా కొంత తెలుసుకోవాలి. మొదట బేస్ అంటే మనిషంత ఎత్తున నిలబెట్టి వాయించే పెద్ద తీగవాద్యం. వయొలిన్‌కు లేనట్టే దానికీ మెట్లు లేవు. 1951లో ఫెండర్ కంపెనీ భుజానికి తగిలించుకునే విద్యుత్ బేస్‌ను మార్కెట్లోకి తెచ్చింది. దానికి మన వీణకున్నట్టు మెట్లు బిగించారు. మెట్టు ఉంటే స్వరం తప్పిపోదు కనుక ‘ప్రెసిషన్’ అని, అంటే కచ్చితత్వమని, దానికి పేరు పెట్టారు. అదే సంవత్సరం డిసెంబరులో పాస్టోరియస్ పుట్టాడు. అతను పెరిగింది ఫ్లోరిడాలో. అక్కడి నృత్యశాలల బృందాల్లో వాయిస్తూ, నల్లజాతి సోల్ పాటలూ క్యూబా లయలూ వింటూ చేతి పని నేర్చుకున్నాడు. అతని చేతిలో ప్రసిద్ధికెక్కినది 1962 నాటి ఫెండర్ బేస్. దాని మెట్లు తీసేసి, ఆ చీలికలు పూడ్చి, వేలిపలక మీద పడవలకు పూసే ఎపాక్సీ పూశారు. దానితో విద్యుత్ వాద్యపు మోత నిలిచింది, మెట్ల నిర్బంధం పోయింది. స్వరం నుంచి స్వరానికి జారవచ్చు, స్వరాన్ని ఊపవచ్చు. మన జారు గమకాలకు అలవాటుపడిన చెవి ఈ వాద్యంలోని వేదనను వెంటనే గుర్తుపడుతుంది.

ఇంకొక విశేషం ఉంది. తీగను నొక్కకుండా, ఒక నిర్దిష్ట స్థానంలో వేలు తాకీ తాకనట్టు ఉంచి మీటితే గంట మోగినట్టు తారస్థాయి స్వరం వస్తుంది. మంద్రవాద్యంలోంచి ఈ గంటల్ని వరసగా రప్పించి రాగం కట్టడంలో పాస్టోరియస్ సిద్ధహస్తుడు.

2. నిలబడని పాటలు

జోనీ మిచెల్‌కు తొమ్మిదేళ్ళ వయసులో పోలియో సోకింది. ఎడమచేయి బలహీనపడింది. గిటార్ మీద మామూలు వేలిపట్లు కష్టమయ్యాయి. దానికి ఆమె కనిపెట్టిన ఉపాయం, చేతికి అనువుగా వాద్యం శ్రుతినే మార్చుకోవడం. అలా ఆమె వాడిన శ్రుతులు యాభైకి పైబడ్డాయి. శరీరానికి కలిగిన లోపం నుంచి ఒక కొత్త భాష పుట్టింది. ఈ శ్రుతుల్లో వచ్చే కార్డులు ఇంటికి చేరవు. వాక్యం చివర చుక్క పడవలసినచోట ప్రశ్నార్థకం పడ్డట్టు వేలాడతాయి.

ఇక్కడే పాత పద్ధతి బేస్‌కూ ఆమెకూ పొసగలేదు. వేలాడే కార్డు కింద ఎవరైనా ఆధారస్వరాన్ని గట్టిగా మోగిస్తే ఆ ప్రశ్నకు పక్కవాడు జవాబు చెప్పేసినట్టవుతుంది. కవి సందేహంలో వదిలిన పంక్తి కింద వ్యాఖ్యాత ‘ఇత్యర్థః’ అని రాసినట్టవుతుంది. అడుగు స్వరాన్ని అంటిపెట్టుకుని ఉండడమే బేస్ పని అనే వాద్యకారులతో ఆమె చాలాకాలం వాదించింది. పైగా ఆమె శ్రుతుల్లో గిటార్ కింది తీగలే ఆధారాన్ని మోగిస్తూ ఉంటాయి. ఉన్న పునాది కింద మరొక పునాది దేనికి?

‘హెజీరా’ పాటలు కారు ప్రయాణంలో పుట్టినవి. అమెరికా ఈశాన్య కొసనున్న మెయిన్ నుంచి లాస్ ఏంజెలెస్ వైపు ఆమె ఒంటరిగా కారు నడుపుకుంటూ వచ్చిన కాలపు రచనలు. అప్పటికి ఆమెకు ముప్పయ్యేళ్ళు దాటాయి. ప్రేమలోంచి పారిపోవడమా, స్వేచ్ఛలోకి వెళ్ళడమా అన్నది తేలని మనఃస్థితి ఆ పాటల వస్తువు. అలాంటి వస్తువుకు నిలకడైన అడుగు వేస్తే అది అబద్ధమవుతుంది.

3. రెండవ గొంతు

ఆ సమయంలో ఇరవైనాలుగేళ్ళ పాస్టోరియస్ వచ్చాడు. అతను చేసినదేమిటో వినేవారికి పట్టుబడాలంటే సంపుటిలోని మొదటి పాట ‘కయోటీ’ చాలు. గిటార్ గుర్రం దౌడు తీసినట్టు సాగుతుంది. గాయని మాటలు వచనానికి దగ్గరగా, ఊపిరి తీసుకునే తీరిక లేకుండా దొర్లుతాయి. బేస్ ఆ దౌడును లెక్కపెట్టదు. మాటలు దట్టంగా ఉన్నచోట తగ్గి ఉంటుంది. పాదం ముగిసి గొంతు ఆగగానే పైస్థాయికి జారి ఒక చిన్న పలుకు పలికి తప్పుకుంటుంది. ఒక్కోచోట ఆ గంటల స్వరాలు మెరుస్తాయి. రోడ్డు మీద కలిసి విడిపోయే ఇద్దరి కథ ఇది. వాద్యమూ గొంతూ కూడా అలాగే కలిసి విడిపోతుంటాయి.

సంపుటి పేరు పెట్టుకున్న ‘హెజీరా’ పాటలో దౌడు లేదు. ఇక్కడ బేస్ సాగదీసిన స్వరాలతో, జారులతో, గాయని మనసులో మాట వెనుక ఉన్న మాటలా వినిపిస్తుంది. ‘బ్లాక్ క్రో’లో డ్రమ్ములు లేవు. ఎగిరే కాకిలో తనను తాను చూసుకున్న మనిషి తొందరనంతా గిటార్లూ బేసూ మోస్తాయి. చివరి పాట ‘రెఫ్యూజ్ ఆఫ్ ది రోడ్స్’లో భూగోళాన్ని చంద్రుని దగ్గరనుంచి తీసిన ఫోటో ప్రసక్తి వస్తుంది. అంత దూరంనుంచి చూస్తే ఏ ఊరూ కనిపించదు, ఆమె మోసుకు తిరిగిన సామాను అసలే కనిపించదు. ఆ చూపులోని విశాలత్వాన్ని మాట సూచించి ఊరుకుంటుంది. దాన్ని అనుభవానికి తెచ్చేది బేస్.

ఇంకొక సంగతిని విద్యార్థులు గమనించాలి. రెండవ పాట ‘అమీలియా’లో బేస్ లేదు. 1937లో విమానంతోపాటు అదృశ్యమైన వైమానికురాలు అమీలియా ఇయర్‌హార్ట్‌ను ఉద్దేశించిన పాట అది. ఆకాశంలో తప్పిపోయిన మనిషిని గురించి పాడేటప్పుడు కాళ్ళకింద ఏ స్వరమూ లేదు. వాద్యం ఉన్నచోట ఎంత అర్థముందో, లేనిచోటా అంత అర్థముంది. పద్యంలో విరామాన్ని చదవడం నేర్చుకున్నవారికి దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

4. మాట ఒంటరి, నాదం ఒంటరి కాదు

మన పాఠకులు ఒక ప్రశ్న వేయవచ్చు. సొంత కారులో తిరిగే సంపన్న గాయని ఏకాంతవేదనతో మనకేమి పని? ప్రశ్న న్యాయమైనదే. ఈ పాటల్లో రోడ్డు ఆశ్రయం. పొట్ట చేతబట్టుకుని వలసపోయేవారికి రోడ్డు ఆశ్రయం కాదు. ‘హెజీరా’ అన్న పేరు అరబ్బీ ‘హిజ్రత్’ నుంచి వచ్చింది. 622లో మహమ్మదు ప్రవక్తా ఆయన అనుచరులూ మక్కాలో వేధింపులు భరించలేక మదీనాకు తరలివెళ్ళారు. అది ఒక సమూహపు వలస. ఆ మాట ఇక్కడ ఒక వ్యక్తి నిష్క్రమణగా కుదించుకుపోయింది. ఈ పరిమితిని దాచవలసిన అవసరం లేదు.

అయితే ఈ పాటలను కాగితం మీద చదివి తీర్పు చెబితే సగం పాటకే తీర్పు చెప్పినట్టవుతుంది. మాట ‘నేను ఒంటరిని’ అంటున్నప్పుడు నాదంలో ఇద్దరున్నారు. ఆమె ప్రశ్నకు జవాబివ్వకుండా, ప్రశ్నను పంచుకునే మరొక గొంతు పక్కన నడుస్తోంది. ఆ గొంతు వెనుక బదులు పలికే నల్లజాతి సంప్రదాయం, అంటే ఒక సమూహపు శ్రమ, నిలబడి ఉంది. వస్తువు వ్యక్తివాదం వైపు లాగుతుంటే రూపం సామూహికత వైపు లాగుతోంది. ఈ వైరుధ్యమే ఆ పాటలకు ప్రాణమని నా అభిప్రాయం. వైరుధ్యాన్ని చూడని విమర్శ పొగడ్తగానో తిట్టుగానో మిగులుతుంది.

శ్రమ అన్నాం కనుక మరొక మాట. సంగీత పరిశ్రమలో సంపుటి గాయని పేరు మీద అమ్ముడవుతుంది. పాట హక్కులు పాట కట్టినవారివి. పక్కవాద్యం వాయించినవారికి సాధారణంగా దక్కేది వాయించిన పూటకు కూలి, అట్టమీద చిన్న అక్షరాల్లో పేరు. పాస్టోరియస్‌కు పేరు రాకపోలేదు. 1976లోనే సొంత సంపుటి వచ్చింది, ‘వెదర్ రిపోర్ట్’ బృందంలో స్థానం దొరికింది. మిచెల్‌తో 1977లోనూ, మింగస్ స్మృతికి అంకితమైన 1979 నాటి ‘మింగస్’ సంపుటిలోనూ వాయించాడు. కాని 1980ల్లో మానసిక వ్యాధి అతన్ని కుంగదీసింది. కొంతకాలం నిలువనీడ లేకుండా వీధుల్లో గడిపాడు. 1987 సెప్టెంబరులో ఫ్లోరిడాలో ఒక క్లబ్బు బయట తిన్న దెబ్బలతో ఆసుపత్రిలో చనిపోయాడు. అప్పటికి అతనికి ముప్పయ్యైదేళ్ళు. ప్రతిభకూ ఉన్మాదానికీ చుట్టరికమని చెప్పి ఈ చావును అందమైన కథగా మార్చేవారున్నారు. జబ్బుపడ్డ మనిషికి కావలసింది వైద్యం, నీడ. అంతటి సంపన్న దేశంలో అతనికి అవి నిలకడగా దక్కలేదన్నది అసలు విషయం.

5. రచయితలకు

‘వంత పాడడం’ అనే మాట మన వాడుకలో తిట్టు అయిపోయింది. అధికారి మాటకు తలూపేవాణ్ణి వంతపాడుతున్నాడంటాం. కాని బుర్రకథ చూసినవారికి వంత అంటే ఏమిటో తెలుసు. కథకుడికి అటూ ఇటూ నిలబడ్డ ఇద్దరిలో ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. వాళ్ళు తందాన అంటూనే కథకుడికి అడ్డు తగులుతారు, ప్రశ్నిస్తారు, నాటి కథను నేటి రోజుకు లాగుతారు. వాళ్ళు లేకపోతే కథ ఉపన్యాసమవుతుంది. అసలు వంత అదీ. పాస్టోరియస్ వాయించింది అలాంటి వంత. అతని విద్వత్తు మాటను కప్పెయ్యలేదు, మాటకు ఊడిగమూ చెయ్యలేదు.

కథలో ప్రధానపాత్ర పక్కన నిలబడే పాత్రల్ని మనం ఎలా రాస్తున్నామో ఒకసారి చూసుకోవాలి. నాయకుడు అన్నదానికి ఔననడానికే పుట్టిన మిత్రులు, రైతు ఉపన్యాసానికి చప్పట్లు కొట్టడానికే వచ్చిన కూలీలు మన కథల్లో కొల్లలు. రచయిత వేసిన ప్రశ్న కింద రచయితే ఆధారస్వరం మోగించి జవాబు చెప్పే ముగింపులూ తక్కువేం లేవు. నిబద్ధత అంటే అడుగడుక్కీ ఆధారస్వరాన్ని మోగించడం కాదు. అది ఎక్కడుందో తెలిసి, పాఠకుడు దానికోసం చెవి రిక్కించేలా రాయడం.

విద్యార్థులకు నా సూచన ఇది. ‘కయోటీ’ పాటను మొదటిసారి మాటల కోసం వినండి. రెండోసారి మాటలు పట్టించుకోకుండా బేస్‌ను మాత్రమే వెంబడించండి. మూడోసారి రెండూ ఎక్కడ ఒకదాన్నొకటి కాదంటున్నాయో గుర్తు పెట్టుకుంటూ వినండి. ఆ తర్వాత మీకు నచ్చిన తెలుగు పాట ఏదైనా తీసుకుని అదే పని చెయ్యండి. పక్కన వాయించినవారి పేరు కూడా తెలుసుకుని మీ వ్యాసంలో రాయండి.