కళ్ళు తిరుగుతున్నాయా? మనసు సంగతి కూడా చూసుకోండి

"హకీం సాబ్, కళ్ళు తిరుగుతున్నాయి. బి.పి., షుగర్, రక్తం, చెవి అన్నీ చూపించుకున్నాను. ఏమీ లేదంటున్నారు. మరి నాకెందుకిలా?" దవాఖానాకు వచ్చేవారిలో చాలామంది అడిగే ప్రశ్న ఇది. పరీక్షల్లో ఏమీ దొరకనంత మాత్రాన బాధ లేనట్టు కాదు. ఆందోళన వల్ల కూడా కళ్ళు తిరుగుతాయి.

యునానీ ఏమంటుంది?

చుట్టూ ఉన్నవన్నీ గిర్రున తిరిగినట్లుంటే యునానీలో 'దువార్' అంటారు. లేచి నిలబడగానే చీకట్లు కమ్మితే 'సదర్' అంటారు. ఆరోగ్యానికి ఆరు ఆధారాలున్నాయని మా వైద్యం చెబుతుంది. గాలి, ఆహార పానీయాలు, శరీర శ్రమ-విశ్రాంతి, మనసు కదలిక-విశ్రాంతి, నిద్ర-మెలకువ, విసర్జన-నిలుపుదల. వీటినే 'అస్బాబె సిత్తా జరూరియా' అంటారు. భయం, దుఃఖం, కోపం మనసు కదలిక కిందికి వస్తాయి.

ఎలా జరుగుతుంది?

భయపడినప్పుడు మనకు తెలియకుండానే ఊపిరి వేగమవుతుంది. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, మెదడుకు వెళ్ళే రక్తనాళాలు కుంచించుకుంటాయి. తల తేలిపోతుంది, పెదవుల చుట్టూ, వేళ్ళ కొసల్లో తిమ్మిరి పుడుతుంది. "పడిపోతానేమో" అని భయం పెరుగుతుంది, ఊపిరి ఇంకా వేగమవుతుంది. గానుగెద్దు తిరిగినట్టు తిరిగే ఈ చక్రాన్ని తెంచడమే చికిత్స.

నా దగ్గరకు వచ్చిన ఒక ఇల్లాలు పడిపోతానన్న భయంతో నెలల తరబడి గుమ్మం దాటలేదు. ఇంట్లో కూర్చున్న కొద్దీ తూలడం ఎక్కువైంది. కదులుతుంటేనే మెదడు నిలదొక్కుకోవడం నేర్చుకుంటుంది. కూతురి చెయ్యి పట్టుకుని మొదట వీధి చివరిదాకా, తర్వాత బజారుదాకా నడిపించాం. ఇప్పుడు ఒక్కతే బస్సెక్కుతోంది.

మీరు చేయవలసినవి

1. కళ్ళు తిరగగానే కూర్చోండి. ముక్కుతో నాలుగు లెక్కించేదాకా గాలి పీల్చి, ఆరు లెక్కించేదాకా మెల్లగా వదలండి. ఐదు నిమిషాలు చేయండి. బాధ లేని రోజుల్లో కూడా రెండు పూటలా సాధన చేయండి.

2. పడుకున్నవారు ఒక్కసారిగా లేవకూడదు. పక్కకు తిరిగి, కాసేపు మంచం అంచున కూర్చుని లేవాలి.

3. పూట భోజనం మానవద్దు. నీళ్ళు సరిగ్గా తాగండి. టీ, కాఫీలు తగ్గించండి. పొగాకు, జర్దా మానండి.

4. రోజూ అరగంట నడవండి. రాత్రి ఒకే వేళకు పడుకోండి.

5. మనసులోని దిగులు ఇంట్లో ఒకరికైనా చెప్పుకోండి. భయం తగ్గకపోతే మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్ళడానికి సిగ్గుపడవద్దు.

మందుల విషయం

దువార్, సదర్‌లకు మేము 'ఇత్రిఫల్ కిష్నీజీ' ఇస్తుంటాం. ఇత్రిఫల్ అన్న మాట మన త్రిఫల నుంచి వచ్చిందే. కిష్నీజ్ అంటే ధనియాలు. గుండెదడ, దిగులు ఉన్నవారికి 'ఖమీరా గావ్‌జబాన్' ఇస్తాం. ఇవి తీపి పాకంతో చేసినవి కాబట్టి షుగర్ ఉన్నవారు, అలాగే గర్భిణులు, హకీమును అడగకుండా వాడరాదు. సర్పగంధి, అంటే మా 'అస్రోల్', సొంతంగా అసలే వద్దు. అది బి.పి.ని దించుతుంది, దిగులును పెంచవచ్చు. డాక్టరు రాసిన బి.పి. మాత్రలు మీ అంతట మీరు ఆపవద్దు.

ఆలస్యం చేయకూడనివి

మొదటిసారి కళ్ళు తిరిగితే అది ఆందోళనేనని అనుకోవద్దు. రక్తహీనత, బి.పి., షుగర్, చెవి లోపలి జబ్బు ఉన్నాయేమో ముందు చూపించుకోవాలి. మాట తడబడడం, మూతి వంకర పోవడం, ఒక చెయ్యి లేదా కాలు బలహీనపడడం, వస్తువులు రెండుగా కనిపించడం, ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, ఎన్నడూ లేనంత తలనొప్పి, ఉన్నట్టుండి చెవుడు. వీటిలో ఏది కనిపించినా హకీము కోసం చూడకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్ళండి.

పరీక్షల్లో ఏమీ లేదని తేలితే దిగులు పడకండి. మీ ఊపిరి మీ చేతిలోనే ఉంది. ఇవాళే సాధన మొదలుపెట్టండి.