ఎవరు ఎవర్ని ఇచ్చారు?

పత్రికకు పుస్తక పరిచయాలు రాస్తుంటాను. కథ నాలుగు వాక్యాల్లో చెప్పాలి, నా తీర్పు అందులో కనపడకూడదు. టోనీ మారిసన్ నవల ‘ఎ మెర్సీ’ (2008) దగ్గర ఆ నాలుగు వాక్యాలే నాకు చుక్కలు చూపించాయి.

కథ 1680ల నాటిది. మేరీలాండ్‌లో పొగాకు తోటలున్న పోర్చుగీసు దొర డొర్టెగా, వ్యాపారి జేకబ్ వార్క్‌కి బాకీ పడ్డాడు. డబ్బు లేదు, బదులుగా ఒక మనిషిని తీసుకోమన్నాడు. లవంగాల వాసన వేస్తున్న వంటమనిషిని చూపించాడు జేకబ్. ఆమె చంకలో పసివాడు. తనని కాదు, కూతురు ఫ్లోరెన్స్‌ని తీసుకెళ్లమని ఆమె మోకాళ్ల మీద పడి బతిమాలింది.

దీన్నెలా రాయాలి? ‘తల్లి కూతుర్ని వదిలించుకుంది’ అంటే అది ఫ్లోరెన్స్ మనసులో మోసే నింద. ‘తల్లి త్యాగం చేసింది’ అంటే చివరి అధ్యాయం నేనే చెప్పేసినట్టు. ‘ఫ్లోరెన్స్ జేకబ్ ఇంటికి చేరింది’ అన్న వాక్యం ఏ పక్షమూ లేనట్టు మెత్తగా కనిపిస్తుంది. కానీ ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఇద్దరూ అందులోంచి మాయం! నాకు ఒళ్లు మండేది దానికే. చివరికి ఇలా రాశాను: ‘డొర్టెగా ఇవ్వాల్సిన బాకీ కింద జేకబ్ ఫ్లోరెన్స్‌ని తీసుకున్నాడు. తీసుకెళ్లమని అడిగింది తల్లే.’ ఎందుకడిగిందో చదివేవాళ్లు చూసుకుంటారు.

జేకబ్ పొలంలో కనిపించే వాళ్లందర్నీ బానిసలనేస్తే పని తేలిక, కానీ తప్పు. లీనా అమెరికా ఆదివాసి, జేకబ్ కొనుక్కొచ్చాడు. విల్లర్డ్, స్కల్లీ తెల్లవాళ్లు, ఒప్పందానికి కట్టుబడి చాకిరీ చేస్తారు. గడువు మాత్రం పెరుగుతూ పోతుంది. కమ్మరి నల్లవాడు, స్వతంత్రుడు, పనికి డబ్బు పుచ్చుకుంటాడు. సహవాసి తెలుగు చేసిన ‘ఏడు తరాలు’ నవలతో ఈ చరిత్రలోకి వచ్చిన మనకి ఇది వింతే. ఆ నవలలో కుంటా కింటేని ఓడలో తెచ్చి అమ్మింది 1767లో. అప్పటికి నలుపంటే బానిస అన్న గీత గట్టిపడిపోయింది. మారిసన్ కథ ఆ గీత ఇంకా గీస్తున్న కాలానిది. బిడ్డ స్థితి తల్లిని బట్టేనని వర్జీనియా 1662లో చట్టం చేసింది. తండ్రి తోట దొరే అయినా బానిస తల్లి కన్నది బానిసే.

ఇక విశేషణాలు. జేకబ్‌ని ‘దయగల యజమాని’ అనాలనిపిస్తుంది. మనుషుల వ్యాపారం తనకి పడదంటాడు మరి. ఆ తర్వాత బార్బడోస్ రమ్ములో డబ్బు పెడతాడు. అక్కడ చెరకు కొట్టేది బానిసలే. ‘దయగల’ కొట్టేసి అతనన్న ఆ మాటనీ ఈ పెట్టుబడినీ పక్కపక్కన పెట్టాను. చోటు చాలకపోతే అతను కట్టించిన పెద్ద బంగళా సంగతి తీసేస్తాను గానీ, రమ్ము సంగతి తీయను.