కొత్తరెడ్డిపాలెం సినగాగు: ఆరాధన, విద్య

గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపంలోని కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ క్రైస్తవ కుటుంబాలు 1980ల చివర తమను యూదులుగా ప్రకటించుకున్నాయి. తమ సమాజానికి ‘బెనె ఎఫ్రాయిము’, అంటే ఎఫ్రాయిము సంతతి, అని పేరు పెట్టుకున్నాయి. పూర్వం తప్పిపోయిన ఇశ్రాయేలు గోత్రాలలో తమది ఒకటని వీరి విశ్వాసం. గొడ్డుమాంసం తినడం, మృతులను పూడ్చడం ఆ పూర్వపు ఆచారాల అవశేషాలే అంటారు. ఊరు ఏ అలవాట్లను చూపి తక్కువ చేసిందో అవే ఇక్కడ వంశగౌరవానికి ఆధారాలు కావడం గమనించండి.

1991లో ఏర్పడిన సినగాగు, అనగా యూదు ప్రార్థనా మందిరం, బడి కూడా. హీబ్రూ అక్షరాలు, ప్రార్థనలు, పస్కా పండుగ విధులు అక్కడే నేర్చుకుంటారు. శనివారం విశ్రాంతిదినం. అయితే వ్యవసాయ కూలీకి ఆ రోజు పని మానితే ఆనాటి కూలి పోతుంది. ఇజ్రాయెల్ ప్రభుత్వం వీరిని యూదులుగా గుర్తించలేదు.