మామయ్య మర్రికి కొత్త తొట్టి

బోన్సాయ్ అనగానే మనవాళ్ళలో చాలామంది, "అయ్యో పాపం, చెట్టును ఎదగనీయకుండా కట్టిపడేస్తారు కదూ!" అంటారు. మా అత్తయ్యదీ మొన్నమొన్నటి వరకు అదే మాట. విచిత్రమేమిటంటే, ముప్ఫై ఏళ్ళపాటు రోజూ పొద్దున్నే ఒక బోన్సాయ్‌కి చెంబుతో నీళ్ళు పోసిందీ ఆవిడే.

ఆ చెట్టు మా మామయ్యది. బెంగళూరులో వాళ్ళ పాత ఇంటి గోడ పగులులో మొలిచిన మర్రి మొక్కను 1979లో పీకి సిమెంటు తొట్టిలో పెట్టాడాయన. 2008లో ఆయన పోయాక దాని మట్టి మార్చినవారు లేరు. 2017లో అత్తయ్య కొడుకు ఫ్లాటుకు మారింది. అక్కడి బాల్కనీలో ఎండ పడదు. అందుకని తొట్టి మా మేడమీదికి వచ్చింది. "దీన్ని బతికించు నాయనా, ఆయన చేతి చెట్టు ఇదొక్కటే మిగిలింది" అంది అత్తయ్య.

మర్రిని మన చదువరులలో కొందరు ఆల అనీ, కొందరు వడ అనీ, మరికొందరు బర అనీ ఇరుగుపొరుగు నోట వింటూంటారు. అనంతపురం ప్రాంతంలో కదిరి దగ్గరున్న తిమ్మమ్మ మర్రిమాను ఎకరాల కొద్దీ విస్తరించి 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. అదే జాతి మొక్క, పిట్టలు విడిచిన గింజ నుంచి గోడ పగులులో మొలిచి, పిడికెడు దుమ్ముతో ఏళ్ళ తరబడి బతుకుతుంది. కొద్దిపాటి మట్టిలో కాపురం దానికి కొత్త కాదు. అందుకే మన ఎండలకు, మన వానలకు తగిన బోన్సాయ్‌లలో మర్రి, రావి, జువ్వి ముందు వరుసలో ఉంటాయి.

మా మర్రి వచ్చేనాటికి దాని ఆకులు పసుపు తిరిగి రాలుతున్నాయి. నీళ్ళు పోస్తే పైనే నిలిచి, తొట్టి అంచు వెంబడి జారిపోయేవి. లోపల మట్టి కన్నా వేళ్ళే ఎక్కువన్నమాట. ఒక ఏడాది దాన్ని కదపలేదు. నీరసించిన చెట్టుకు శస్త్రచికిత్స పనికిరాదు. మంచి ఎండలో పెట్టి, తొట్టిని గంటసేపు నీళ్ళ గంగాళంలో ముంచి, కొత్త చిగుళ్ళ కోసం ఎదురుచూశాను.

2018 మే నెలలో చిగురు వేసింది. మర్రి జాతికి వెచ్చగా, చురుకుగా పెరిగే కాలంలోనే తొట్టి మార్చాలి. సుత్తితో సిమెంటు తొట్టి పగలగొడితే, వేళ్ళు తొట్టి ఆకారంలోనే గట్టిగా అల్లుకుని ఉన్నాయి. రంపం తీయగానే అత్తయ్య, "వేళ్ళు కోస్తావట్రా? చెట్టు బతుకుతుందా?" అని నా చెయ్యి పట్టుకుంది. అప్పుడు ఆవిడకు చెప్పిందే మీకూ చెబుతాను. లావు వేళ్ళు చెట్టును నిలబెడతాయి, నీటిని పైకి మోస్తాయి. నీరు ప్రధానంగా పీల్చేది మాత్రం సన్నని కొస వేళ్ళు. తొట్టి నిండిపోతే వాటికి చోటుండదు. కోసిన చోట దగ్గరలోనే కొత్త సన్న వేళ్ళు పుడతాయి. కోత చెట్టును పొట్టిగా ఉంచడానికే కాదు, దాని వేరుకు మళ్ళీ పడుచుదనం ఇవ్వడానికి కూడా.

మొదటిసారి మూడో వంతు వేళ్ళే తీశాను. కారే మర్రిపాలను నీళ్ళు చల్లి కడిగాను. అడుగు కన్నాలమీద నైలాన్ వల వేసి, జల్లించిన ఇటుక ముక్కలు, గరుకు ఇసుక, ఆకుల ఎరువు కలిపిన మట్టి నింపాను. చెట్టు ఊగకుండా తీగతో తొట్టికి కట్టి, వేళ్ళ సందుల్లోకి పుల్లతో మట్టి దిగేలా పొడిచాను. నెలరోజులు నీడలో ఉంచాను, ఆరు వారాలు ఎరువు మాట ఎత్తలేదు. అయిదో వారంలో కొమ్మ కొసలు ఎర్రబారి విచ్చుకున్నాయి. అత్తయ్య ఆ రోజు ఫోనులో రెండుసార్లు అడిగింది, "నిజంగానా?" అని.

ఆ తరువాతి కథంతా ఓపికే. ఏడాదికి ఒక్క పెద్ద పనే అన్నది నా నియమం. 2019లో విశ్రాంతి. 2020లో లోతు తగ్గిన తొట్టిలోకి మార్చి, అడుగునున్న తల్లివేరు మొండిని కోశాను. 2021లో పైకొమ్మలు కత్తిరించి, కింద ఒక కొమ్మను మాత్రం ఇష్టం వచ్చినట్టు పెరగనిచ్చాను. దాని బలంతో మొదలు లావెక్కాక, రెండేళ్ళకు దాన్నీ తీసేశాను. 2022లో కొమ్మలకు అల్యూమినియం తీగ చుట్టి మెల్లగా వంచాను. తీగ బెరడులోకి దిగకుండా వారం వారం చూసుకుని, మూడు నెలలకే విప్పేశాను. 2023లో మూడో మార్పిడితో పళ్ళెం వంటి తొట్టి వచ్చింది. ఇప్పుడు చెట్టు ఎత్తు రెండడుగులు. అరచేయంత ఆకులు మూడంగుళాలకు వచ్చాయి. వానాకాలంలో కొమ్మ నుంచి రెండు ఊడలు కూడా దిగాయి.

వాషింగ్టన్‌లోని బోన్సాయ్ మ్యూజియంలో ఒక పైన్ చెట్టుంది. 1625 నుంచి తొట్టిలోనే ఉన్నదట. 1945లో హిరోషిమా మీద బాంబు పడినప్పుడు ఆ ఊళ్ళోనే ఉండి బతికింది. దాన్ని పెంచిన యమాకి కుటుంబం 1976లో అమెరికాకు కానుకగా ఇచ్చింది. మట్టి మార్చే చేతులు ఒకదాని తరువాత ఒకటి దొరికితే తొట్టిలోని చెట్టు మనిషికన్నా ఎక్కువ కాలం బతుకుతుందనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కరలేదు. చేతులు దొరకకపోతే మాత్రం పదేళ్ళు చాలు, అది ఎండిపోవడానికి.

అందుకే ఈసారి మట్టి జల్లెడ పట్టే పని మా అత్తయ్య మనవరాలికి అప్పగించాను. ఆ పిల్లకు తెలుగు రాయడం రాదు, కానీ 'ఊడ' అన్న మాట మాత్రం బాగా పట్టుబడింది. మర్రికి మళ్ళీ తొట్టి మార్చాల్సిన ఏడు 2026. రంపం పట్టే వంతు తనదేనని ఇప్పటినుంచే అంటోంది. మీ ఇంటి మేడమీద, పెరట్లో పెద్దలు పెట్టిన పాత తొట్టి ఏదైనా ఉంటే, ఒకసారి నీళ్ళు పోసి చూడండి. నీరు లోపలికి దిగకుండా అంచునే జారిపోతుంటే, ఆ చెట్టు మీకోసమే ఎదురుచూస్తోందని తెలుసుకోండి.