పామాయిల్ ధరకు పసిఫిక్ గాలులతో లంకె

కాకినాడ రేవులో దిగే పామాయిల్ ధరకు పసిఫిక్ గాలులతో లంకె ఉంది. ఇండోనేసియా, మలేసియాల వద్ద వెచ్చని సముద్రంపై గాలి పైకి లేచి వానలిస్తుంది. పెరూ దిశలో కిందికి దిగి, తిరిగి పడమటికి మరలుతుంది. ఇదే వాకర్ చక్రం. ఎల్‌నినో ఏట ఇది సడలి, తోటలకు వానలు తప్పుతాయి. ఆ దెబ్బ నెలల తర్వాతగాని గెలల్లో కనిపించదు. 2015 ఎద్దడితో మలేసియా ఉత్పత్తి సుమారు 2 కోట్ల టన్నుల నుంచి 2016లో 1.73 కోట్లకు పడింది. ఎద్దడి వార్త వినగానే సరుకు బిగబట్టిన వర్తకునికి ముందు మీదపడేది వడ్డీయే!

భూతాపం డిగ్రీ పెరిగితే గాలిలో తేమ సుమారు 7 శాతం హెచ్చుతుంది. వాన మాత్రం 1-3 శాతమే. కనుక చక్రం నెమ్మదించాలని లెక్క. కాని 1980 తర్వాతి దశాబ్దాలలో అది బలపడింది. కారణంపై శాస్త్రజ్ఞులలో ఏకాభిప్రాయం లేదు. పాత ఎల్‌నినోల లెక్కతో దీర్ఘకాలపు ముందు బేరాలు కుదుర్చుకోవడం సాహసమే.